బండి కండిషన్, పందెం న్యాయం

రెండు వాహనాల మధ్య గాని, రెండు జతల ఎద్దుల మధ్య గాని పోటీ పెట్టినప్పుడు, గెలుపోటములకు అర్థం ఉండాలంటే ఆ పోటీ దేనిని పరీక్షిస్తున్నదో ముందుగా తేలాలి. పరీక్షతో సంబంధం లేని తేడాలను అందరికీ సమానం చేయాలి, సమానం చేయడానికి వీలుకాని వాటిని చీటీలు వేసి పంచాలి. ఇంజన్ శక్తి, బరువు, టైర్లు వంటి పైకి కనిపించే తేడాలను పోటీ నిర్వాహకులు సాధారణంగా మరచిపోరు. బండి ఏ కండిషన్‌లో ఉన్నదనే తేడా మాత్రం చాలాసార్లు లెక్కలోకి రాదు. ఒకే కంపెనీ, ఒకే మోడల్, ఒకే సంవత్సరపు కార్లు రెండు ఉన్నా, ఒకదానిలో ఆయిల్ నిన్న మార్చి, రెండోదానిలో వేల కిలోమీటర్లుగా మార్చకపోతే, అవి రెండూ పోటీ దృష్టిలో ఒకే కారు కావు. ఈ సంగతి నిజమైన రేసుల్లో మెకానిక్కులకు ఎప్పటినుంచో తెలిసినదే అయినా, దాన్ని అంకెల్లో అందరి కళ్ల ముందుకు తెచ్చినవి వీడియో గేములు.

జపాన్‌లో కజునోరి యమౌచి నాయకత్వంలోని బృందం తయారుచేసిన గ్రాన్ టూరిస్మో ఆట 1997 డిసెంబరులో ప్లేస్టేషన్ మీద విడుదలైంది. అంతకుముందు వచ్చిన రేసింగ్ ఆటల్లో చాలావాటికి వేగమే సర్వస్వం కాగా, ఈ ఆటలో కారు కొనడం, దాని భాగాలు మార్చడం, సస్పెన్షన్ సర్దడం వంటి గ్యారేజీ పనికి నడపడంతో సమానమైన స్థానం దక్కింది. అందులోంచి ఒక విచిత్రమైన పోటీ పుట్టింది. నిర్వాహకులు ఒక కారును, ఒక ట్రాకును, శక్తికీ బరువుకూ ఒక హద్దునూ ప్రకటిస్తారు. పోటీదారులు స్ప్రింగుల గట్టిదనం, డ్యాంపర్లు, యాంటీ రోల్ బార్లు, చక్రాల వాలు, గేరు నిష్పత్తులు మొదలైన వాటిని తమ నైపుణ్యం మేరకు సర్ది, ఆ అంకెల పట్టికను సమర్పిస్తారు. టెస్ట్ డ్రైవర్లు ఆ పట్టిక ప్రకారం తమ దగ్గరున్న కారును తయారుచేసుకుని, నడిపి, ల్యాప్ సమయాన్నీ కారు నడతనూ బట్టి మార్కులు వేస్తారు. ఇక్కడ పరీక్షకు నిలిచేది కారును సర్దే ట్యూనర్ తెలివి. సెట్టింగ్ ఒకరిది, నడిపే చేయి ఇంకొకరిది. కనుకనే, కండిషన్ గురించిన నియమం లేకపోతే ఈ పోటీకి పునాదే ఉండదు: ట్యూనర్ సర్దిన కారు, డ్రైవర్ నడిపిన కారు ఒకే స్థితిలో లేనప్పుడు మార్కులు ఎవరి పనికి పడ్డట్టు?

ఆటలో కార్లను తూచడానికి పెర్ఫార్మెన్స్ పాయింట్లు అనే కొలమానం ఉంది. గ్రాన్ టూరిస్మో 5 ప్రోలాగ్‌తో ప్రవేశించిన ఈ కొలమానాన్ని ఆటగాళ్లు పీపీ అంటారు. కారు శక్తి, బరువు వంటి గుణాలను కలిపి ఒకే అంకెగా మార్చి చెప్పే పద్ధతి ఇది. రేసుకు ఇంత పీపీ మించరాదని నియమం పెడితే రకరకాల కార్లు ఒకే వరుసలో నిలబడగలవు. 2010 నవంబరు 24న వచ్చిన ఐదవ గ్రాన్ టూరిస్మోలోనూ, 2022 మార్చి 4న వచ్చిన ఏడవదానిలోనూ దీనికి తోడుగా మెయింటెనెన్స్ అనే మరో పొర ఉంది. కారు తిరిగేకొద్దీ ఆయిల్ పాడై శక్తి తగ్గుతుంది, ఇంజన్ అరుగుతుంది, బాడీ బిగువు సడలుతుంది. రుసుము చెల్లించి ఆయిల్ మార్పించవచ్చు, ఇంజన్ ఓవర్‌హాల్ చేయించవచ్చు, బాడీ బిగువును తిరిగి తెప్పించవచ్చు. ఆయిల్ మార్చగానే శక్తి పెరుగుతుంది కాబట్టి పీపీ కూడా పెరుగుతుంది. నిన్నటిదాకా రేసుకు అర్హమైన కారు, ఆయిల్ మార్చిన పాపానికి, ఈరోజు హద్దు దాటి బయట నిలబడిన అనుభవం ఈ ఆట ఆడేవారిలో చాలామందికి ఎదురైనదే.

నిజమైన ఇంజన్‌లో ఆయిల్ చేసే పని ఏమిటో ఇక్కడ కొంత తెలుసుకోవాలి. పిస్టన్ రింగులకూ సిలిండర్ గోడకూ మధ్య, క్రాంక్ షాఫ్టుకూ బేరింగులకూ మధ్య పలుచని పొరగా నిలిచి, లోహం లోహాన్ని తాకకుండా చూడటం దాని మొదటి పని. ఈ పొర ఎంత మందంగా, ఎంత సులువుగా జారుతుందనేది ఆయిల్ చిక్కదనం మీద ఆధారపడుతుంది. వేడికి ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి మారిపోతుంది, అందులో కలిపిన రసాయనాలు ఖర్చయిపోతాయి, మసి చేరుతుంది, ఒక్కోసారి ఇంధనం దిగి పలచబడుతుంది. ఫలితంగా రాపిడి పెరిగి, ఇంధనం నుంచి పుట్టిన శక్తిలో చక్రాలకు చేరేది తగ్గుతుంది. ఆటలో ఈ తగ్గుదల, పెరుగుదల రోడ్డు మీది కంటే కొట్టొచ్చినట్టుగా కనిపిస్తాయి. ఇంటి ముందున్న కారుకు ఆయిల్ మార్పించి, అంతటి మార్పు కోసం ఎదురుచూసేవారికి నిరాశ తప్పదు. ఆటను తయారుచేసినవారు నిజమైన ఒక సూత్రాన్ని తీసుకుని, దాని ఫలితం ఆటగాడికి తెలిసేంతగా పెంచారని అర్థం చేసుకోవడం సబబు.

ఆయిల్ వల్ల శక్తి 5 శాతం పెరిగిందని అనుకుని లెక్క వేస్తే దాని ప్రభావం ఎంతో అంచనాకు వస్తుంది. అత్యధిక వేగం దగ్గర కారుకు ఎదురయ్యే ప్రధాన అడ్డంకి గాలి నిరోధం; ఆ నిరోధం వేగపు వర్గానికి అనులోమంగా పెరుగుతుంది, దాన్ని ఎదుర్కోవడానికి కావలసిన శక్తి వేగపు ఘనానికి అనులోమంగా పెరుగుతుంది. కాబట్టి శక్తి 5 శాతం పెరిగితే గరిష్ఠ వేగం సుమారు 1.6 శాతమే పెరుగుతుంది. గంటకు 200 కిలోమీటర్లు పోయే కారు 203 దాటుతుంది. ఇది చిన్న అంకెగా కనిపించవచ్చు. అయితే రెండు నిమిషాల ల్యాప్‌లో కండిషన్ వల్ల అర శాతం సమయం కలిసివచ్చినా అది 0.6 సెకను, దగ్గరి పోటీలో మొదటి స్థానానికీ నాలుగో స్థానానికీ మధ్య ఉండే దూరం అంతకు మించకపోవచ్చు. ట్యూనర్ ఒక వారం కూర్చుని డ్యాంపర్లతో సాధించిన లాభాన్ని, ఆయిల్ మార్చుకున్న పోటీదారు ఒక్క బటన్ నొక్కి సాధిస్తాడు. నియమం లేనిచోట ఆ రెండు లాభాలనూ వేరుచేసి చూపే మార్గం ఉండదు.

ఇటువంటి నియమాల సమస్య కంప్యూటర్ తెరల మీదే మొదటిసారి పుట్టినది కాదు. కర్నూలు జిల్లా పడమటి భాగంలో, ఆదోనికి పొరుగునే ఉన్న ఎమ్మిగనూరులో, పుష్య మాసంలో జరిగే నీలకంఠేశ్వర స్వామి జాతరకు రథోత్సవంతో పాటు ఎద్దుల బండలాగుడు పోటీలు కూడా పేరు తెచ్చాయి. రాయలసీమలోనూ, పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లోనూ, తెలంగాణలోని గద్వాల, నల్గొండ వైపూ జరిగే ఈ పోటీల సారాంశం ఒక్కటే: నిర్ణీత బరువున్న రాతి బండను, నిర్ణీత సమయంలో, ఒక జత ఎద్దులు ఎంత దూరం లాగాయన్నది అడుగుల్లో కొలిచి విజేతను ప్రకటిస్తారు. సమయం పోటీని బట్టి 10, 15, 20 నిమిషాలుగా ఉంటుంది. కారు పందెంలో దూరం స్థిరం, సమయం మారుతుంది. ఇక్కడ సమయం స్థిరం, దూరం మారుతుంది. భౌతికశాస్త్రం దృష్టిలో రెండూ శక్తిని కొలిచే పద్ధతులే.

ఈ పోటీల్లో న్యాయం ఎద్దు నోట్లో మొదలవుతుంది. పశువులకు పైదవడ ముందుభాగంలో పళ్లు ఉండవు. కిందిదవడలో ఎనిమిది ఉంటాయి. మొదట వచ్చేవి పాలపళ్లు. దూడకు దాదాపు రెండేళ్లు వచ్చాక మధ్యనున్న రెండు పాలపళ్లు ఊడి వాటి చోట వెడల్పైన శాశ్వత దంతాలు వస్తాయి. ఆ తరువాత కొంత ఎడంతో జతలు జతలుగా నాలుగు, ఆరు, ఎనిమిది అవుతాయి. పోటీకి వచ్చిన జతను నిలబెట్టి, ఒక చేత్తో మూతి పట్టి, మరో చేతి బొటనవేలితో కింది పెదవిని కిందికి లాగి, పళ్లు లెక్కపెట్టి, పాలపళ్ల విభాగమో, రెండు పళ్ల విభాగమో, నాలుగు, ఆరు పళ్ల విభాగమో, సీనియర్ విభాగమో నిర్ణయిస్తారు. ఒక్కో విభాగానికి బండ బరువు వేరు. పుట్టిన తేదీ కాగితం లేని జీవికి, దాని శరీరమే రాసి ఉంచిన లెక్కను అందరి సమక్షంలో చదవడం ఇది. యజమాని మాట మీద ఆధారపడకపోవడం, ఎవరు చూసినా అదే అంకె రావడం దీనిలోని గొప్పదనం. కొలతకు ఈ రెండు గుణాలూ ఉండాలన్నది ప్రయోగశాలల్లో మాత్రమే నేర్పే పాఠం కాదని ఎమ్మిగనూరు రైతులు ఎప్పుడో నిరూపించారు.

బండ విషయానికి వస్తే, లెక్క ఇంకా ఆసక్తికరంగా ఉంటుంది. బండను నేల మీద ఈడ్చడానికి కావలసిన బలం, దాని బరువును ఘర్షణ గుణకంతో గుణిస్తే వస్తుంది. ఘర్షణ గుణకం అంటే రెండు తలాలు ఒకదానినొకటి ఎంత గట్టిగా పట్టి నిలుపుతాయో చెప్పే అంకె. ఒక టన్ను బండ, గుణకం 0.5 అనుకుంటే, కావలసిన బలం సుమారు 4,900 న్యూటన్లు. ఆ బండను ఒక జత 20 నిమిషాల్లో 2,000 అడుగులు లాగితే, చేసిన పని దాదాపు 30 లక్షల జౌళ్లు, సగటు శక్తి సుమారు రెండున్నర కిలోవాట్లు, అంటే మూడు హార్స్‌పవర్‌కు కొంచెం పైన. ఇప్పుడు నేల కొద్దిగా మారి గుణకం 0.55 అయిందనుకుందాం. అదే జత అదే శక్తితో లాగినా దూరం 1,818 అడుగులకు పడిపోతుంది. ఎద్దుల్లో ఏ లోపమూ లేకుండానే 180 అడుగులు పోయాయి. ముందు లాగిన జతల వల్ల గరుసు లేచిన దారి, మధ్యాహ్నపు ఎండకు ఆరిన మట్టి, తెల్లవారి మంచుకు తడిసిన మట్టి ఈ గుణకాన్ని మారుస్తాయి. అందరినీ ఒకే క్షణంలో ఒకే దారి మీద నడిపించడం అసాధ్యం. అందుకే లాగే వరుసను చీటీలు వేసి తేలుస్తారు. సమానం చేయగలిగిన బండను, సమయాన్ని సమానం చేశారు. సమానం చేయలేని నేలను, ఎండను అదృష్టానికి వదిలి, ఆ అదృష్టంలో ఎవరికీ చేయి లేకుండా చేశారు.

ఇరవయ్యో శతాబ్దపు గణాంకశాస్త్రంలో దీనికి యాదృచ్ఛికీకరణ అని పేరు వచ్చింది. ఇంగ్లండులోని రోథమ్‌స్టెడ్ వ్యవసాయ పరిశోధన కేంద్రంలో పనిచేసిన రోనాల్డ్ ఫిషర్, చేలో ఒక మూల సారం ఎక్కువ, మరో మూల తక్కువ ఉన్నప్పుడు ఎరువుల మధ్య పోలిక ఎలా నమ్మదగినదవుతుందనే ప్రశ్నకు జవాబుగా ఈ పద్ధతిని శాస్త్రంగా మలిచాడు. 1935లో వెలువడిన ఆయన ప్రయోగ రచనా గ్రంథం దీనికి మూలస్తంభం.

కండిషన్‌ను కొలిచి సరిచేయడమనే మరో మార్గాన్ని ఆదోని పత్తి మార్కెట్ యార్డు చూపుతుంది. పత్తి గాలిలోని తేమను పీల్చుకుంటుంది కాబట్టి క్వింటా పత్తి అన్నది ఒక స్థిరమైన పదార్థం కాదు. అందులో నీరు ఎంతో తెలియనిదే బరువుకు అర్థం లేదు. మద్దతు ధరకు కొనే కాటన్ కార్పొరేషన్ ఆఫ్ ఇండియా తేమ 8 శాతాన్ని ప్రమాణంగా తీసుకుని, 12 శాతం దాకా ఆ మేరకు ధరలో కోత పెట్టి కొంటుంది. 12 దాటితే కొనదు. రైతు దృష్టిలో ఈ నియమం కఠినంగా తోచే రోజులు ఉంటాయి, వానకు తడిసిన పంట విషయంలో ఆ బాధ నిజమైనదే; అయినా మాయిశ్చర్ మీటర్ అందరి ముందు ఒకేలా చదివినంతవరకు, ఎండబెట్టి తెచ్చిన రైతుకు అన్యాయం జరగకుండా కాపాడేది ఆ ప్రమాణమే. గుర్తించవలసిన అంశం ఇది: పత్తి గతంలో ఏమైందని అక్కడ ఎవరూ అడగరు. తూకం వేసే ఆ క్షణంలో దాని స్థితిని మాత్రమే కొలుస్తారు.

కారు ట్యూనింగ్ పోటీకి నియమం రాసేవారికి ఎదురయ్యే దారులు కూడా ఇటువంటివే. మొదటిది, ఆయిల్ మార్పును పూర్తిగా నిషేధించడం. ఇది సులభంగా తోస్తుంది, కానీ నిషేధం అమలైందో లేదో చూడటానికి మార్గం లేదు. పైగా కొత్తగా కొన్న కారుకూ, ఎన్నో రేసులు తిరిగిన కారుకూ మధ్యనున్న తేడా అలాగే మిగులుతుంది. ఎక్కువ సమయం సాధన చేసిన ట్యూనర్ కారే ఎక్కువ అరిగి ఉంటుంది కాబట్టి, ఈ నియమం శ్రమించినవారిని శిక్షిస్తుంది. రెండోది, అందరూ ఆయిల్ మార్చి, ఇంజన్, బాడీ పనులు చేయించాకే సర్దాలని నిర్బంధించడం. ఇది మొదటిదానికంటే మేలు, ఎందుకంటే పూర్తిగా బాగైన కారు అన్న స్థితిని ఎవరైనా తిరిగి సృష్టించగలరు. సగం అరిగిన స్థితిని ఇద్దరు ఒకేలా సృష్టించడం కష్టం. కానీ ఆయిల్ మేలు కిలోమీటర్లతో తరుగుతుంది. ట్యూనర్ తాజా ఆయిల్ మీద సర్దిన కారును టెస్ట్ డ్రైవర్ ఎన్నో ల్యాపులు తిప్పాక, చివరి ల్యాపుల్లోని కారు మొదటి ల్యాపుల్లోని కారు కాదు. మూడోది, ఆయిల్ చరిత్రను పక్కనబెట్టి, పరీక్ష మొదలయ్యే సమయంలో తెర మీద కనిపించే హార్స్‌పవర్ అంకె, బరువు అంకె ఇంత ఉండాలని చెప్పడం. ఆదోని యార్డు పద్ధతి ఇదే. మూడింటిలో ఇదే బలమైనది.

అయితే మూడో దారిలో ఒక లొసుగు ఉంది, దాన్ని పట్టుకోవడానికి శక్తి వక్రరేఖ అనే మాటను అర్థం చేసుకోవాలి. ఇంజన్ నిమిషానికి ఎన్ని చుట్లు తిరిగితే ఎంత శక్తి ఇస్తుందో గీసిన గీత అది. సాధారణ ఇంజన్‌లో అది ఎక్కుతూ పోయి ఒక శిఖరాన్ని చేరి దిగుతుంది. తెర మీద కనిపించే అంకె ఆ శిఖరానిది మాత్రమే. ఆటలో శక్తిని తగ్గించే పవర్ లిమిటర్ అనే సౌకర్యం ఉంది. ఐదు, ఆరు గ్రాన్ టూరిస్మో ఆటల్లో అది వక్రరేఖ పైభాగాన్ని కోసి చదును చేసేది. ఒక కారుకు సహజంగానే 300 హార్స్‌పవర్ శిఖరం ఉండి, డ్రైవర్ వాడే 5,500 నుంచి 7,500 చుట్ల మధ్య సగటు 270 ఉందనుకుందాం. ఇంకో కారును 350కి పెంచి, లిమిటర్‌తో 300కి కోస్తే, అదే మేరలో దాని సగటు 300కు దగ్గరగా ఉండవచ్చు. తెర మీద రెండూ 300. రోడ్డు మీద రెండోదానికి పదిశాతం అదనపు బలం. ఆయిల్ తేడాను సరిచేయడానికి లిమిటర్‌ను అనుమతిస్తే, ఆ సందులోంచి ఇంతకంటే పెద్ద తేడా లోపలికి వస్తుంది. కాబట్టి అంకెతో పాటు ఇంజన్‌కు ఏ భాగాలు అమర్చవచ్చో, లిమిటర్‌ను ఎంత శాతం వరకు వాడవచ్చో కూడా నియమం చెప్పాలి; అందరూ ఆయిల్ మార్చుకున్నాక మిగిలే చిన్న తేడాను మింగడానికి ఒకటి రెండు శాతం సర్దుబాటు సరిపోతుంది, అంతకు మించినది వక్రరేఖను మలిచే పనిముట్టు అవుతుంది.

బాడీ బిగువు సంగతి ఆయిల్ కంటే లోతైనది, దీన్ని పట్టించుకునే నిర్వాహకులు తక్కువ కావడం విచారకరం. కారు మలుపు తిరిగేటప్పుడు బరువు బయటి వైపు చక్రాల మీదికి మొగ్గుతుంది. ఆ మొగ్గులో ముందు చక్రాల వాటా ఎంత, వెనుక చక్రాల వాటా ఎంత అన్నది స్ప్రింగులు, యాంటీ రోల్ బార్ల గట్టిదనం నిర్ణయిస్తుంది, ఆ వాటాను మార్చడమే ట్యూనర్ చేతిలోని ప్రధాన విద్య. ఈ విద్య పనిచేయాలంటే ముందు ఇరుసునూ వెనుక ఇరుసునూ కలిపే బాడీ మెలి తిరగకుండా గట్టిగా నిలబడాలి. బాడీ సడలితే, ముందు బార్‌ను బిగించినా ఆ మార్పులో కొంత భాగం బాడీ మెలికలోనే కరిగిపోతుంది. ఆయిల్ పాడైన కారు నెమ్మదిస్తుంది, ట్యూనర్ల మధ్య వరుస మారకపోవచ్చు. బాడీ సడలిన కారు మాత్రం ట్యూనర్ రాసిన అంకెలకు సరిగా స్పందించదు, మంచి సెట్టింగూ మామూలు సెట్టింగూ దానిలో ఒకేలా తోచవచ్చు. మొదటిది మార్కులను తగ్గిస్తే, రెండోది పరీక్షనే పాడుచేస్తుంది. కొన్ని మార్పులు ఒకసారి చేస్తే వెనక్కి తీసుకోలేనివి కావడం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది: ఐదవ గ్రాన్ టూరిస్మోలో ఇంజన్ ట్యూనింగ్ దశలు, బరువు తగ్గింపు అటువంటివి. పోటీ కోసమని కారును తిరిగిరాని విధంగా మార్చమనడం పోటీదారు సొత్తు మీద దెబ్బ. సాధ్యమైనంతవరకు అటువంటి భాగాలు అవసరం లేని పోటీనే రూపొందించాలి.

కండిషన్ సమానమైనా, నడిపే మనిషి సమానంగా ఉండడు. టెస్ట్ డ్రైవర్‌కు ట్రాకు అలవాటయ్యేకొద్దీ సమయం మెరుగవుతుంది కాబట్టి, రెండో కారుకు మొదటిదానికంటే ఊరికే లాభం కలుగుతుంది. మొదటి కారు, రెండోది, మళ్లీ రెండోది, మళ్లీ మొదటిది అనే వరుసలో నడిపితే, ఆ మెరుగుదల ఒకే తీరుగా సాగినంతవరకు రెండు కార్లకూ సమానంగా పంచుకుపోతుంది. ఒక్కో ల్యాప్‌లో డ్రైవర్ వల్ల వచ్చే హెచ్చుతగ్గులు 0.4 సెకను మేర ఉంటే, 16 ల్యాపుల సగటులో అది 0.1 సెకనుకు తగ్గుతుంది. ల్యాపుల సంఖ్య వర్గమూలం మేరకు అనిశ్చితి తగ్గుతుందన్నది గణాంకశాస్త్రపు ప్రాథమిక ఫలితం. ఏ పట్టిక ఎవరిదో డ్రైవర్‌కు చెప్పకపోవడం కూడా అంతే అవసరం.

ట్యూనర్ పనికి కూడా గణాంకశాస్త్రం ఒక పనిముట్టు ఇచ్చింది, దాన్ని ఇచ్చినవాడు ఈ నేలకు దగ్గరివాడే. కల్యంపూడి రాధాకృష్ణ రావు 1920 సెప్టెంబరు 10న హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టాడు. ఆ ఊరు అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని బళ్లారి జిల్లాలో ఉండేది. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడేదాకా ఆదోని తాలూకా కూడా ఆ జిల్లాలోనిదే. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితం చదివి, కలకత్తాలోని భారత గణాంక సంస్థలో చేరి, 1948లో కేంబ్రిడ్జిలో ఫిషర్ పర్యవేక్షణలో డాక్టరేట్ పొందిన రావు, 1940ల్లోనే ఆర్థోగోనల్ అరేలు అనే అమరికలను రూపొందించాడు. ఏడు సెట్టింగులు ఉండి ఒక్కోదానికి గట్టి, మెత్తన అని రెండు స్థాయిలు ఉంటే, అన్ని కలయికలూ చూడటానికి 128 పరీక్షలు కావాలి. రావు చూపిన మార్గంలో, ఏ రెండు సెట్టింగులు తీసుకున్నా వాటి నాలుగు కలయికలూ సమాన సంఖ్యలో వచ్చేలా ఎనిమిది పరీక్షలను ఎంచుకుంటే, ఒక్కో సెట్టింగ్ సొంత ప్రభావాన్ని విడదీసి చూడవచ్చు. స్ప్రింగు, డ్యాంపర్ లాగా ఒకటి మరోదాని ఫలితాన్ని మార్చేచోట మాత్రం ఈ ఎనిమిదితో సరిపెట్టుకోకూడదు. జపాన్‌లో గెనిచి తగుచి ఈ అమరికలను పరిశ్రమల నాణ్యతా సాధనకు వాడి ప్రపంచానికి చాటాడు. జపాన్ కార్ల ఆటలో ట్యూనింగ్ చేసే కుర్రవాడు బళ్లారి జిల్లాలో పుట్టిన మనిషి గణితాన్ని వాడుకుంటే, అది చుట్టు తిరిగి సొంత ఇంటికి వచ్చినట్టే. 2023లో అంతర్జాతీయ గణాంక పురస్కారం పొందిన రావు అదే సంవత్సరం ఆగస్టు 22న మరణించాడు.

నిజమైన మోటారు పందేలు ఈ సమస్యకు తమవైన జవాబులు ఇచ్చాయి. ఫార్ములా వన్‌లో 2003 నుంచి పార్క్ ఫెర్మే నియమం కింద, అర్హత పోటీకీ అసలు పందానికీ మధ్య కారు సెట్టింగులను మార్చనివ్వరు. 2023 ఫిబ్రవరి 11న హైదరాబాదు హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ పందెంలో అన్ని జట్లదీ ఒకే చాసిస్, ఒకే బ్యాటరీ, ఒకే టైరు. వెనుక మోటారు, దాన్ని నడిపించే సాఫ్ట్‌వేర్ మాత్రం తయారీదారుల సొంతం, వాడదగిన విద్యుత్తుకు అందరికీ ఒకే హద్దు. ట్యూనింగ్ పోటీకి ఇంతకంటే దగ్గరి పోలిక మోటారు పందేల్లో దొరకదు: తెలివి చూపవలసిన చోటును విడిచి, మిగతా అంతటా సమానం. ఇందుకు భిన్నంగా, 2017 నాటి గ్రాన్ టూరిస్మో స్పోర్ట్ ఆటలోనూ నిజమైన జీటీ3 తరగతి కార్ల పందేల్లోనూ వాడే బ్యాలెన్స్ ఆఫ్ పెర్ఫార్మెన్స్ పద్ధతిలో, ఒక్కో మోడల్ శక్తినీ బరువునూ నిర్వాహకులే సర్ది అన్నింటినీ దగ్గరికి తెస్తారు. అది డ్రైవర్ల పోటీకి చక్కటి పద్ధతి, ట్యూనర్ల పోటీకి పనికిరాదు, ఎందుకంటే ట్యూనర్ చేయవలసిన పనిలో కొంత నిర్వాహకుడే చేసేశాడు.

ఒక తేడాను మాత్రం దాటవేయకూడదు. ఆటలోని కారుకు డబ్బు చెల్లిస్తే అరుగుదల మాయమవుతుంది. ఎద్దుకు అలా మాయం కాదు. జల్లికట్టు కేసులో సుప్రీంకోర్టు 2014 మే 7న ఇచ్చిన తీర్పు పశువుల బాధను పోటీల చట్టంలో ప్రధానాంశంగా చేసింది. 2023 మే 18న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్రల సవరణ చట్టాలను సమర్థించింది గాని, జంతువు పట్ల క్రూరత్వం నిషిద్ధమన్న సూత్రం చెక్కుచెదరలేదు. కాబట్టి బండలాగుడులో కండిషన్ నియమమంటే విశ్రాంతి, నీరు, పశువైద్యుడి పరీక్ష, చర్నకోల మీద అదుపు. అక్కడ అలసిపోయిన జతను పోటీకి దించకపోవడం న్యాయానికి ముందు వచ్చే కర్తవ్యం.

ఆదోనిలోనో, ఎమ్మిగనూరులోనో ఒక కళాశాల విద్యార్థులు ఇటువంటి ట్యూనింగ్ పోటీ పెట్టదలిస్తే, నియమావళిలో మొదటి పేరా శక్తి హద్దు గురించి కాక కండిషన్ గురించి ఉండటం మంచిది. నిర్వాహకుల దగ్గర ప్రమాణ కారు ఒకటి ఉండాలి; దాని ఇంజన్, బాడీ పూర్తిగా బాగుచేయించి, ఆయిల్ మార్చి, ఆ స్థితిలో తెర మీద కనిపించే హార్స్‌పవర్, బరువు, పీపీ అంకెలను ముందే ప్రకటించాలి. పోటీదారులు తమ కారును ఆ అంకెలకు తెచ్చుకుని సర్దాలి, లిమిటర్ సర్దుబాటు రెండు శాతం దాటకూడదు, టైరు రకం ఒక్కటే ఉండాలి, టైరు అరుగుదలనూ ఇంధన ఖర్చునూ ఆపివేయాలి. టెస్ట్ డ్రైవర్ ఒక్కో పట్టికకు ముందు అంకెలు చూసి, తేడా వస్తే ఆయిల్ మార్చి, మళ్లీ ప్రమాణానికి తెచ్చాకే ట్రాకు ఎక్కాలి. పట్టికల వరుసను చీటీలు వేసి తేల్చాలి, పేర్లు దాచాలి, చివరి ల్యాపు అయ్యాక కూడా అంకెలు రాసి ఫలితాలతో పాటే అందరికీ చూపాలి. మొదలు అంకెకూ చివరి అంకెకూ మధ్య హార్స్‌పవర్ ఒక శాతానికి మించి పడిపోయిన పట్టికను మళ్లీ నడపాలి.